అలలు పుట్టించే ఆప్ ఆంప్

ధవళేశ్వరం కాలువ లాకుల్లో పడవను పైకి ఎక్కించాలంటే తలుపులు మూసి ఎగువ నీళ్లు లోపలికి వదలాలి. నీళ్లు మొదట జోరుగా వస్తాయి, రెండు మట్టాలూ దగ్గరపడే కొద్దీ నెమ్మదిస్తాయి. కరెంటును నెమ్మదింపజేసే రెసిస్టర్ గుండా, చార్జ్‌ను దాచుకునే కెపాసిటర్ నిండే తీరూ దాదాపు ఇదే. కాకపోతే లాకు మనిషి మట్టాలు కలిసేదాకా ఆగుతాడు. ఆప్ ఆంప్ అంటే రెండు వోల్టేజీల తేడాను ఎన్నో రెట్లు పెంచే చిప్. దానితో కట్టిన ఆసిలేటర్, అంటే తనంతట తానే అలలు పుట్టించే సర్క్యూట్, సగం దారిలోనే తిరగబడుతుంది.

741 అనే ఆప్ ఆంప్ చిప్‌నే తీసుకుందాం. దానికి ప్లస్, మైనస్ అని రెండు ఇన్‌పుట్లు. ప్లస్ వైపు వోల్టేజీ కాస్త ఎక్కువైతే చాలు, అవుట్‌పుట్ పై అంచుకు పోతుంది; మైనస్ వైపు ఎక్కువైతే కింది అంచుకు. ప్లస్, మైనస్ 12 వోల్టుల సప్లై మీద ఆ అంచులు సుమారు 11, -11. రెండు సమాన రెసిస్టర్లతో అవుట్‌పుట్‌లో సగాన్ని ప్లస్‌కు ఇస్తాం. మైనస్ దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి, అవుట్‌పుట్ నుంచే 10 కిలో ఓమ్‌ల గుండా నింపుతాం.

కెపాసిటర్ 11 వైపు బయల్దేరుతుంది. ప్లస్ దగ్గరున్న సగం, అంటే 5.5 గీత, దాటిన క్షణాన అవుట్‌పుట్ -11కి పడిపోతుంది. ఇప్పుడు గమ్యం -11, గీత -5.5. అక్కడా ఇదే తంతు. ఒక ఆవృత్తికి పట్టే సమయం రెసిస్టర్, కెపాసిటర్ విలువల లబ్ధానికి 2.2 రెట్లు. ఇక్కడ 2.2 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు సుమారు 455 ఆవృత్తులు (హెర్ట్జ్). అవుట్‌పుట్‌లో వచ్చేది స్క్వేర్ వేవ్.

నాకు నచ్చేది ఏమిటంటే, ఈ లెక్కలో సప్లై వోల్టేజీ ఎక్కడా లేదు. రొయ్యల చెరువుల ఏరియేటర్లన్నీ తిరిగే రాత్రి భీమవరం పల్లెల్లో లో వోల్టేజీ వచ్చి సప్లై తగ్గిందనుకోండి. గమ్యమూ గీతా ఒకే పాళ్లలో తగ్గుతాయి కాబట్టి ఫ్రీక్వెన్సీ పెద్దగా మారదు.

త్రికోణపు అల కావాలంటే ఇంకో ఆప్ ఆంప్‌ను ఇంటిగ్రేటర్‌గా కట్టి, కెపాసిటర్‌కు కరెంటు తగ్గకుండా అందించాలి. సైన్ వేవ్‌తోనే తలనొప్పి. దాన్ని పుట్టించే వీన్ బ్రిడ్జి అనే సర్క్యూట్‌లో గెయిన్ (ఎన్ని రెట్లు పెంచుతుందన్న లెక్క) సరిగ్గా 3 ఉండాలి. తగ్గితే అల చచ్చిపోతుంది, పెరిగితే అల తలలు తెగి చదునవుతాయి. 1939లో విలియం హ్యూలెట్ తన వాల్వుల (వాక్యూమ్ ట్యూబుల) ఆసిలేటర్‌లో దీనికి చిన్న బల్బు పెట్టాడు. అల పెరిగితే ఫిలమెంట్ వేడెక్కి, దాని రెసిస్టెన్స్ పెరిగి, గెయిన్ తగ్గుతుంది. ఇంత చవకైన కంట్రోల్ ఇంకోటి ఉండదేమో!

వేగం పెంచితే మాత్రం 741 బండారం బయటపడుతుంది. దాని అవుట్‌పుట్ మైక్రోసెకనుకు అర వోల్టే కదులుతుంది. -11 నుంచి 11కు చేరడానికి 44 మైక్రోసెకన్లు. 455 హెర్ట్జ్ దగ్గర ఇది లెక్కలోకి రాదు. 10 కిలోహెర్ట్జ్ దగ్గర అర ఆవృత్తే 50 మైక్రోసెకన్లు, కాబట్టి స్క్వేర్ వేవ్ వాలిపోయి త్రికోణంలా కనిపిస్తుంది. అప్పుడు 741 తీసి అదే సాకెట్లో టీఎల్081 అనే ఇంకో ఆప్ ఆంప్ పెట్టండి. ముఖ్యమైన పిన్నులు అవే, వేగం పాతిక రెట్లు.