ముందు గింజకి ఊపిరాడనివ్వండి

పోయినేడాది మే నెలలో విజయనగరంలో మా డాబా మీద మొదటిసారి విత్తనాలు వేశాను. టమాటా, మిరప, బెండ, ఆనప (సొర), తోటకూర, వీటితో పాటు ఎందుకో లెట్యూస్ అనే సలాడ్ ఆకు కూడా. ఏదో వీడియో చూసి అన్నిటికీ ఒకటే పద్ధతి పెట్టాను: రాత్రంతా నీళ్ళలో నానబెట్టడం, ట్రేలో కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) నింపడం, వేలుతో లోతుగా గుచ్చడం, రెండు పూటలా నీళ్ళు పోయడం. ఎండ మండిపోతోంది కదా అని మధ్యాహ్నం మూడో విడత కూడా. పది రోజులకి ఆనప నాలుగు మొలకలొచ్చింది, బెండ రెండు, అంతే. మిగతావి కెలికి చూస్తే మెత్తగా కుళ్ళి, ముట్టుకుంటే పిండైపోతున్నాయి. కొట్లో పాత సరుకు అంటగట్టారని నేను తిట్టుకుంటుంటే మా మామ్మ వచ్చి, ట్రేలోంచి గుప్పెడు కోకోపీట్ తీసి పిండింది. నీళ్ళు ధారగా కారాయి. "ఇలా నీళ్ళల్లో ములిగిపోతే నువ్వైతే బతుకుతావేటి?" అంది.

ఆవిడ అన్నది అక్షరాలా నిజం. ఎండు గింజ నీళ్ళు పీల్చుకోవడం అనేది ప్రాణంతో పనిలేని వ్యవహారం, స్పాంజి పీల్చుకున్నట్టే. చచ్చిన గింజ కూడా చక్కగా ఉబ్బుతుంది, అందుకే ఉబ్బింది కదా అని సంబరపడక్కర్లేదు. అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. తేమ తగిలిన పిండం, అంటే గింజలో మొక్కయ్యే భాగం, మేలుకుని ఊపిరి పీల్చడం మొదలెడుతుంది, దాచుకున్న పిండిని చక్కెరగా మార్చుకుని తింటుంది, ఆ పనికి ఆక్సిజన్ కావాలి. గాలిలో కంటే నీటిలో ఆక్సిజన్ ఇంచుమించు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. మట్టి రేణువుల మధ్య ఖాళీలన్నీ నీటితో నిండిపోతే గింజ చుట్టూ గాలి ఉన్నా లేనట్టే. పైగా ఆ తడిలో నారుకుళ్ళు తెచ్చే బూజులకి పండగ. కొత్తగా మొదలెట్టినవాళ్ళ గింజలు ఎండిపోయి పోవడం కంటే ములిగిపోయి పోవడమే ఎక్కువని ఇప్పుడు నా నమ్మకం.

తమాషా ఏంటంటే ఈ సంగతి మన ఇళ్ళలో ఎప్పటినుంచో తెలుసు, సైన్సు పేరు పెట్టలేదంతే. నాగావళి, వంశధార కింద వరి వేసేవాళ్ళు మండె ఎలా కడతారో గుర్తు తెచ్చుకోండి. విత్తనాన్ని ఒక రోజు నానబెడతారు, నీళ్ళు పూర్తిగా వంచేస్తారు, గోనె సంచిలో మూటగట్టి పైన గడ్డి కప్పి ఇంకో రోజు వదిలేస్తారు. నీళ్ళు వంచెయ్యడమే అందులో కిటుకు. ఆ మూటలో చెయ్యి పెడితే వేడిగా తగులుతుంది, అది బయటి ఎండ వేడి కాదు, లక్షల గింజలు ఒక్కసారి ఊపిరి పీల్చడం వల్ల పుట్టిన వేడి. మరీ కాగిపోతే మొలక మాడిపోతుంది కాబట్టి మధ్యలో తిరగేసి నీళ్ళు చిలకరిస్తారు. నిజానికి గాలి లేకపోయినా కొంతవరకు మొలవగలిగే బహు కొద్ది మొండి గింజల్లో వరి ఒకటి. నీటి అడుగున ఉంటే అది ముందు మొలకని పైకి చాపుతుంది, వేరు జోలికి వెళ్ళదు. గాలి దొరికితే మామూలుగా ముందు వేరే వస్తుంది. అంతటి మొండిదానికే నీళ్ళు వంచుతున్నారు, మిరప గింజ ఏపాటిది!

చోళ్ళు (రాగులు) మొలకెత్తించి మాల్ట్ చేసే ఇళ్ళలోనూ ఇదే తంతు: నానబెట్టడం, వార్చడం, తడిగుడ్డలో మూటగట్టడం. మొలకొచ్చిన చోళ్ళ పిండితో కాచిన జావ పలచగా, కాస్త తియ్యగా ఎందుకుంటుందంటే, మొలకెత్తేటప్పుడు తయారైన అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని చక్కెరలుగా ముక్కలు చేసేస్తుంది కనక. మొక్క తన కోసం వండుకున్నది మనం తాగేస్తున్నామన్నమాట.

సరే, కొత్తవాళ్ళు ఏ పద్ధతి పట్టుకోవాలి? తడిగుడ్డ లేదా టిష్యూ పద్ధతిని నేను విత్తే పద్ధతిగా కాదు, పరీక్షగా చూస్తాను. కొన్న ప్యాకెట్లోంచి పది గింజలు తడి టిష్యూలో మడిచి (పిండితే చుక్క కారకూడదు) డబ్బాలో పెట్టి, వంటింటి అలమరలో ఉంచండి. పదిలో ఏడు మొలిస్తే ఆ ప్యాకెట్‌తో ధైర్యంగా ముందుకెళ్ళొచ్చు, రెండే వస్తే మట్టి మీద, మీ చేతి మీద నింద వేసుకోకండి. మొలిచినవాటిని మట్టిలోకి మార్చదలుచుకుంటే వేరు నువ్వుగింజంత ఉన్నప్పుడే మార్చాలి. ఫొటో బాగా వస్తుందని ఇంకో రెండు రోజులు ఆగితే వేరు టిష్యూలోకి దూరిపోతుంది, లాగితే కొస తెగుతుంది. గులాబీ రంగు పూసిన విత్తనాలకి మందు కలిపి ఉంటుంది, ముట్టుకుంటే చేతులు కడుక్కోండి.

బీర, ఆనప, కాకర, చిక్కుడు, బెండ, ముల్లంగి, వీటికి ట్రే ఎందుకో నాకర్థం కాదు. చాలావరకు పెద్ద గింజలు, సొంత తిండి దండిగా ఉంది, వేరు కదిలిస్తే అలుగుతాయి. ముల్లంగికైతే మనం తినేదే ఆ వేరు, దాన్ని మార్చి నాటితే వంకర్లు తిరుగుతుంది. నేరుగా కుండీలోనే రెండేసి వేసి, బలహీనమైనది పీకెయ్యడమే. ట్రేలు, నారుమళ్ళు అసలు పనికొచ్చేది టమాటా, వంగ, మిరపలకి, అవి మార్చినా కోలుకుంటాయి. మిరపకి ఓపిక కావాలి, వారం పది రోజులు ఏమీ కనిపించకపోయినా కెలకొద్దు. కోకోపీట్‌లో తిండేమీ ఉండదు కాబట్టి మొదటి జత విత్తనాకుల తర్వాత అసలు ఆకులు రెండు వచ్చాక కొంచెం ఎరువు నీళ్ళు పొయ్యాల్సిందే.

లోతు సంగతికి గింజ సైజే కొలబద్ద, దాని మందానికి రెండు మూడింతలు చాలు. తోటకూరని వేలుతో గుచ్చడం నేను చేసిన పెద్ద తెలివితక్కువ పని: ఆ చిన్న గింజలో ఉన్న తిండితో అంత లోతునుంచి పైకి రాలేదు. ఇసకలో కలిపి మట్టి మీద చల్లి, చేత్తో అలా నొక్కితే చాలు. లెట్యూస్‌ది ఇంకో పేచీ, దాంట్లో చాలా రకాలకి వెలుగు తగలాలి. 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్‌లో బోర్త్‌విక్, హెండ్రిక్స్ అనే శాస్త్రవేత్తల బృందం లెట్యూస్ గింజల మీద ఎర్ర వెలుగు వేస్తే మొలిచాయి, ఆ వెంటనే ఎరుపుకి అవతలి, కంటికి సరిగ్గా కనిపించని వెలుగు వేస్తే ఆగిపోయాయి. మార్చి మార్చి వేసినా చివర్లో ఏది పడిందో దాని మాటే చెల్లింది. ఇక వెలుగు ఉన్నా సరే, వేడి 30 డిగ్రీలు దాటితే లెట్యూస్ చాలావరకు నిద్ర లేవదు, నేనేమో మే నెలలో మా డాబా మీద వేశాను.

గట్టి పెంకువాళ్ళు వేరే. శంఖపుష్పం లాంటివి నెలల తరబడి నీళ్ళని లోపలికి రానివ్వకపోవచ్చు, కాకర పెంకు కూడా గట్టిదే. అంచున గరుకు కాగితంతో కొంచెం గీకి, కొన్ని గంటలు నానబెడితే దారికొస్తాయి. ఉద్దానంలో జీడి నాటేవాళ్ళు పిక్కల్ని నీళ్ళలో వేసి, తేలినవి తీసేసి మునిగినవే వాడతారు. అదే ఉద్దానం పనసపిక్క అయితే ఎండబెట్టి దాచడమే తప్పు, ఎండితే చచ్చిపోతుంది. పండు తిన్న వారంలోనే పాతెయ్యాలి.

అన్నిటికంటే నాకు నచ్చేది తాటి టెంక. దాన్ని ఏ ట్రేలో పెడతారు? టెంక మట్టి మీదే ఉంటుంది, దానిలోంచి గొట్టం లాంటి కాడ కిందికి దిగి, దాని కొసన పిండాన్ని భూమి లోపలికి మోసుకుపోతుంది. ఎండకీ మంటకీ దొరకనంత లోతుకి వెళ్ళాకే అక్కడ మొలక తయారవుతుంది, పాతర తవ్వి మనం తీసుకునే తేగ అదే. టెంకలో మిగిలే తియ్యటి బుర్రగుంజు, లోపలి నిలవ తిండిని పీల్చి కిందికి పంపే అవయవం. చిన్నప్పుడు దాని కోసం కొట్టుకున్నవాళ్ళమే, అదొక పీల్చే గొట్టానికి మొదలని అప్పుడెవరికి తెలుసు!

వానలు పడ్డాక ఆగస్టులో మళ్ళీ వేశాను, ఈసారి ఆనప, బెండ నేరుగా కుండీల్లో, టమాటా మిరప ట్రేలో, తోటకూర పైపైన చల్లి. నీళ్ళు పొయ్యడం మామ్మకి అప్పగించాను, ఆవిడ రెండు రోజులకోసారి వేలితో తడి చూసి, చాలావరకు ఏమీ చెయ్యకుండానే కిందికి దిగిపోయేది. లెట్యూస్ ప్యాకెట్ మాత్రం ఫ్రిజ్‌లో దాచాను, డిసెంబరు చలికి బయటికి తీద్దామని.