ఆంక్షలు పెట్టినా ఆ గద్దె ఎందుకు కదలలేదు?

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

చిరంజీవులైన మనవలకు, మనవరాండ్రకు తాతయ్య ఆశీస్సులు.

ఉత్తర కొరియాతో ఎవరూ వ్యాపారం చేయకూడదని ప్రపంచమంతా కట్టడి చేసినా, అక్కడి పాలకుడు కిమ్ జోంగ్ ఉన్ గద్దె ఎందుకు దిగడం లేదని అడిగారు. ఫోనులో రెండు ముక్కల్లో తేల్చే సంగతి కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ఆ దేశం 2006 అక్టోబరు 9న మొదటి అణు పరీక్ష జరిపింది. అదే నెలలో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1718వ తీర్మానం చేసి, భారీ ఆయుధాలను, అణ్వాయుధాలకూ క్షిపణులకూ పనికివచ్చే సామగ్రిని, పెద్దలు వాడుకునే విలాస వస్తువులను నిషేధించింది. సామాన్యుడి జోలికి పెద్దగా పోని ఆంక్షలవి. పరీక్షలు మాత్రం ఆగలేదు. 2017లో ఆరో అణు పరీక్ష, ఖండాంతర క్షిపణులు వచ్చేసరికి మండలి ఓపిక నశించింది. ఆ ఏడాది ఆగస్టు మొదలు డిసెంబరు లోపల చేసిన తీర్మానాలతో బొగ్గు, ఇనుము, చేపలు, బట్టల ఎగుమతిని నిషేధించారు; శుద్ధి చేసిన చమురు ఏడాదికి 5 లక్షల బ్యారెళ్లకు మించకూడదన్నారు; విదేశాల్లో కూలికి ఉన్న ఆ దేశస్థులను రెండేళ్లలో వెనక్కి పంపేయాలన్నారు. చైనా, రష్యా కూడా వీటికి ఓటు వేశాయి. మన దేశం సైతం 2017లోనే ఆహారం, మందులు తప్ప మిగతా వ్యాపారం మానుకుంది.

దెబ్బ తగలలేదని కాదు. 2019 ఫిబ్రవరిలో వియత్నాం రాజధాని హనోయ్‌లో అమెరికా అధ్యక్షుడు ట్రంప్‌ను కలిసినప్పుడు కిమ్ జోంగ్ ఉన్ పట్టుబట్టి అడిగింది ఆ ఆంక్షల సడలింపే. బదులుగా యోంగ్‌బ్యోన్ అణు కేంద్రాన్ని మూసేస్తానన్నాడు. బేరం కుదరలేదు. నొప్పి లేనివాడు మందు అడగడు కదా! కానీ ఆ నొప్పి ముందుగా ఎవరికి తెలుస్తుందన్నదే అసలు విషయం. చైనా వ్యాపారుల కోసం బట్టలు కుట్టే ఆడపిల్లకు పని పోతుంది, పీతలు పట్టే జాలరికి బేరం పోతుంది. సైన్యం వాటా, ఏలేవాళ్ల వాటా ముందే పక్కకు తీసి పెడతారు.

ఆకలితో జనం తిరగబడితే ప్రభుత్వం కూలుతుందని కొందరు అనుకుంటారు. 1990లలో అంతకంటే ఘోరమైన పరీక్షే జరిగింది. అప్పటికి మండలి ఆంక్షలు లేవు. సోవియట్ యూనియన్ కూలిపోయి చవక చమురు ఆగిపోవడం, 1995 వరదలు, ప్రభుత్వ రేషన్ చేతులెత్తేయడం అన్నీ కలిసి కొన్ని లక్షల ప్రాణాలు తీశాయి. ప్రభుత్వం మాత్రం కూలలేదు. అయితే ఆ కరువులోనే, పాలకులు అనుకోని మార్పు ఒకటి వచ్చింది. రేషన్ రాని జనం, ముఖ్యంగా పెళ్లయిన ఆడవాళ్లు, దొరికిన సరుకు తెచ్చి అమ్మడం మొదలుపెట్టారు. అలా వెలసిన సంతలను అక్కడ ‘చాంగ్‌మాదాంగ్’ అంటారు. సరిహద్దులోని యాలూ, తుమెన్ నదుల మీదుగా చైనా నుంచి బియ్యం, బట్టలు, ఆ తరువాత దక్షిణ కొరియా సీరియళ్లు నింపిన పెన్‌డ్రైవ్‌లు రహస్యంగా దిగాయి.

ఇది మనకు తెలియని వ్యవహారమేమీ కాదు. మన ఊరికీ ఆంధ్రలోని పాతపట్నానికీ మధ్య రాష్ట్రాల హద్దు ఉన్నా, అటు సరుకు ఇటు, ఇటు సరుకు అటు పోతూనే ఉంటుంది. దానితో పాటే కబుర్లూ పోతాయి, అక్కడ కూలి రేటెంతో ఇక్కడ తెలిసిపోతుంది. పక్క దేశంలో మనలాంటివాళ్లే మూడు పూటలా తింటున్నారని తెలియడం నియంతకు క్షిపణి కంటే ప్రమాదం.

అందుకే 2020 జనవరిలో కోవిడ్ పేరు చెప్పి కిమ్ తన సరిహద్దును తానే మూసేశాడు. ఆ ఒక్క ఏడాదిలో చైనాతో వ్యాపారం సుమారు 80 శాతం పడిపోయింది. మండలి చేయలేని పని ఆయనే చేసుకున్నాడన్నమాట! అదే డిసెంబరులో విదేశీ సీరియళ్లు చూసేవారికి, పంచేవారికి కఠిన శిక్షలు విధించే చట్టం తెచ్చాడు. ధాన్యం అమ్మకాన్ని సంతల నుంచి మళ్లీ ప్రభుత్వ దుకాణాలకు లాక్కునే ప్రయత్నాలూ సాగాయి. బయటివాళ్లు తలుపు మూస్తే లోపలివాడు గడియ పెట్టుకున్నాడు. ఇద్దరి మధ్యా నలిగింది సంతలో కూర్చున్న మనిషే.

మరి దక్షిణాఫ్రికాలో నల్లవారిని అణచిన వర్ణవివక్ష పాలన మీద ఆంక్షలు పనిచేశాయి కదా అంటారేమో. పనిచేశాయి. ఆ దేశంతో 1946లోనే వ్యాపారం తెంచుకున్నది మన దేశమే. కానీ అక్కడ తెల్లవారికి ఓటు ఉండేది, బ్యాంకులూ వ్యాపారస్థులూ ప్రభుత్వాన్ని నిలదీయగలిగేవారు. ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్‌యాంగ్‌లో నిలదీసేవాడు ఎవడు? పైగా లిబియా పాలకుడు గద్దాఫీ 2003లో అణు కార్యక్రమం వదులుకుని, 2011లో తిరుగుబాటుదారుల చేతిలో చచ్చాడు. ఆ కథను కిమ్ కుటుంబం మరచిపోలేదు.

ఇప్పుడు కట్టడికే చిల్లులు పడ్డాయి. ఆంక్షల అమలును పరిశీలించే నిపుణుల బృందం గడువు పొడిగించకుండా 2024 మార్చిలో రష్యా వీటో చేసింది. జూన్‌లో పుతిన్ ప్యాంగ్‌యాంగ్ వెళ్లి సైనిక ఒప్పందం చేసుకున్నాడు, ఆ ఏడాది చివరికల్లా ఉత్తర కొరియా సైనికులు రష్యాలోని కుర్స్క్‌లో ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగారు. 2025 ఫిబ్రవరిలో క్రిప్టో, అంటే కంప్యూటర్లలోనే చెలామణి అయ్యే డబ్బు, కొని అమ్మే బైబిట్ అనే సంస్థ నుంచి సుమారు 150 కోట్ల డాలర్ల సొమ్ము కొట్టేసింది ఆ దేశపు హ్యాకర్లేనని అమెరికా ఎఫ్‌బీఐ ప్రకటించింది. బొగ్గు అమ్ముకోనక్కర లేకుండా బతికే దారులు దొరికినవాడు బొగ్గు మీది ఆంక్షకు లొంగుతాడని నేను అనుకోను.

అయితే ఆంక్షలన్నీ ఎత్తేయమంటావా తాతా అని మీలో ఒకరైనా అడుగుతారు. ఆయుధాల మీదివి ఉండవలసిందే. చేపలు, బట్టల మీదివి సడలిస్తే వచ్చే డబ్బులో పెద్ద వాటా ప్రభుత్వమే లాక్కుంటుందని, అందులో కొంత క్షిపణులకే పోతుందని నాకూ తెలుసు. అయినా సరిహద్దులో లారీలు, మనుషులు తిరిగితే బట్టలు కుట్టే ఆ ఆడపిల్లకు కాస్త కూలి, దానితో పాటు నది అవతలి కబురు అందే వీలుంటుంది. అందుకే నేను ఆ సడలింపు వైపే మొగ్గుతాను. మీ నాన్న దీనికి ఒప్పుకోడు. దసరాకు వచ్చినప్పుడు ఆయన వాదనా వినండి.

ఇట్లు,
మీ తాతయ్య