కాగడా పట్టుకున్నవాడే ముందు కనబడతాడు: డంజన్ వెలుగుల మీద అపోహలు, వాస్తవాలు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అని, టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలేస్తూ మాటలతో ఆడే కథల ఆట ఒకటుంది. నెల్లూరులో ఆదివారాలు నేను డీఎంగా, అంటే ఆ కథ నడిపేవాడిగా కూర్చునే టేబుల్‌కి కొత్తగా ఎవరొచ్చినా, ఆటలో డంజన్‌లో, అంటే చీకటి నేలమాళిగలో అడుగు పెట్టగానే అనే మాట ఒకటే: "కాగడా వెలిగించానన్నా, ఇంక ఏదొచ్చినా మనకి ముందే కనబడుద్ది." కాసేపటికి చీకట్లోంచి బాణం దిగుతుంది. "అదేందన్నా, కాగడా ఉంది గదా!" అంటారు. ఎంతో ఇష్టంగా తయారు చేసుకున్న మొదటి క్యారెక్టర్‌ని ఇలా పోగొట్టుకుని ముఖం చిన్నబుచ్చుకున్న పిల్లల్ని చూసీ చూసీ ఇది రాస్తున్నాను. తప్పు వాళ్ళది కాదు. సినిమాల్లో హీరో కాగడా ఎత్తితే గుహంతా కనిపిస్తుంది. ఆ వెలుగు కాగడాది కాదు, కెమెరా వెనకున్న లైట్లది.

అపోహ: వెలుగు మన చేతిలో ఉంది కాబట్టి లాభం మనదే.

వాస్తవం: డీ అండ్ డీ ఐదో ఎడిషన్ (2014) లెక్క ప్రకారం కాగడా 20 అడుగుల దాకా బాగా వెలుగిస్తుంది, ఆపైన ఇంకో 20 అడుగులు మసక. 40 దాటితే మీకేమీ కనబడదు. గాబ్లిన్ అనే చిన్న రాక్షసికి డార్క్‌విజన్, అంటే చీకట్లోనూ చూడగలిగే శక్తి, 60 అడుగులు. 50 అడుగుల దూరంలో నిలబడిన గాబ్లిన్ మీకు కనబడదు, మీరు దానికి కనబడతారు. అసలు మిమ్మల్ని చూడడానికి దానికి డార్క్‌విజన్ కూడా అక్కర్లేదు. మీరు వెలుగులో నిలబడి ఉన్నారు. తిన్నగా ఉన్న సొరంగమైతే, అవతలి చివర చీకట్లో కూర్చున్న మామూలు మనిషి కూడా మీ ముఖం చూస్తూ విల్లు ఎక్కుపెట్టగలడు.

ఇది నేను పుస్తకంలో కాదు, రొయ్యల గుంటల గట్టు మీద నేర్చుకున్నాను. మా మామ ఇందుకూరుపేట వైపు గుంటలకి కాపలా ఉండేవాడు. చిన్నప్పుడు సెలవులకి పోయి ఆయనతో పాటే పడుకునేవాణ్ణి. నేను టార్చి వేసుకుని గట్టు మీద తిరగబోతే, "ఆర్పు అబ్బయా, మనం యాడుండామో దొంగోడికి నువ్వే చెప్తుండావు" అనేవాడు. షెడ్డు దగ్గర బల్బు వెలుగుతుండేది కానీ ఆయన షెడ్డులో ఉండేవాడు కాదు. అవతల గట్టు మీద, చీకట్లో, దుప్పటి కప్పుకుని కూర్చునేవాడు. షెడ్డు వైపు ఎవరొచ్చినా ఆ బల్బు వెలుగులో ఆయనకి కనబడాల్సిందే. నీళ్ళల్లో అలికిడైతేనే టార్చి వేసేవాడు, అదీ చెయ్యి బాగా పక్కకి చాపి, తన కళ్ళ మీద వెలుగు పడకుండా.

డంజన్‌లోనూ అదే చెయ్యండి. కాగడా మనిషి గుంపు మధ్యలో ఉండాలి. ముందు నడిచి చూసొచ్చేవాడు వెలుగు అంచు బయట ఉండాలి. గది గుమ్మంలో కాగడా ఎత్తి నిలబడకండి, దాన్ని లోపలికి విసరండి. అప్పుడు వెలుగులో ఉండేది లోపలివాళ్ళు, చీకట్లో ఉండేది మీరు. మూత ఉన్న లాంతరైతే ఇంకా మేలు: 30 అడుగులు వెలుగు, ఇంకో 30 మసక, మూత దించితే 5 అడుగుల మసక వెలుతురే మిగులుతుంది. కళ్ళ సంగతీ మరవకండి. మంటని చూస్తూ నడిచినవాడి కళ్ళు మళ్ళీ చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. రూల్స్‌లో లేకపోయినా, కాగడా ఆరిపోయిన వెంటనే జరిగే పోట్లాటలో నేను ఇది లెక్కలోకి తీసుకుంటాను.

ఇంకో రెండు కాగడాలు వెలిగిస్తే దూరం పెరుగుతుందంటారు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. రెట్టింపు దూరం కావాలంటే నాలుగు కాగడాలు ఒకేచోట పట్టాలి.

కర్రకి గుడ్డ చుట్టి అంటిస్తే కాగడా అయిపోదు. మండేది నూనె, గుడ్డ వత్తి మాత్రమే. మా ఊరి తిరునాళ్ళలో దివిటీ పట్టినాయన పక్కనే నూనె డబ్బాతో ఇంకో మనిషి నడిచేవాడు. మాటిమాటికీ పోస్తేనే మంట నిలిచేది. మండే చుక్కలు చేతి మీద పడకుండా దివిటీని కొంచెం బయటికి వంచి పట్టేవాడాయన. ఆటలో కాగడాకి గంట ఇచ్చారంటే ధారాళంగా ఇచ్చినట్టే.

లాంతరు విసిరితే బాంబులా పేలుతుందనేది ఉత్తమాట. కిరోసిన్ వచ్చింది 19వ శతాబ్దం మధ్యలో. అంతకుముందు దీపాల్లో పోసింది ఆముదం లాంటి నూనెలు, కొవ్వులు. ఆముదం ఆవిరి అంటుకోవాలంటే 220 డిగ్రీలు దాటాలి.

డార్క్‌విజన్ ఉంది కాబట్టి కాగడా వద్దనే, ఎల్ఫ్ జాతి క్యారెక్టర్లతో ఆడేవాళ్ళకి: కటిక చీకటి మీకూ మసకే. పర్సెప్షన్‌కి (చుట్టూ ఉన్నది కనిపెట్టడానికి) డిసడ్వాంటేజ్, అంటే పాచిక రెండుసార్లు వేసి తక్కువదే తీసుకోవాలి. పాచిక వెయ్యకుండా లెక్కేసే పాసివ్ పర్సెప్షన్‌లో 5 తగ్గుతుంది. ఉచ్చుల్లో పడేది ఎక్కువగా మీరే.

కొత్త డీఎంలు ఈ లెక్కలన్నీ ఎలా మొయ్యాలా అని బెంగపడుతుంటారు. అన్నీ మొయ్యక్కర్లేదు. టేబుల్ మధ్య పావలా బిళ్ళలో చింతగింజలో పెట్టుకుని, ఆటలో పది నిమిషాలకి ఒకటి తీసెయ్యండి. ఆరు అయిపోతే కాగడా ఆరినట్టు. ఎవరి చేతిలో ఉందో ఒక్కటి అడిగి రాసుకోండి, ఎందుకంటే ఆ చేత్తో డాలు పట్టలేరు.

ఆఖరుది ఆటకి సంబంధించింది కాదు, కానీ మా టేబుల్ మీదే విన్నాను: పాత బావిలోకి దీపం దించి, ఆరకపోతే గాలి బాగున్నట్టేనని. మంట ఆరేది ఆక్సిజన్ బాగా తగ్గినప్పుడే. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ మనిషిని చంపే మోతాదులో ఉన్నా దీపం వెలుగుతూనే ఉంటుంది. మీథేన్ ఉంటే ఆ దీపానికే అంటుకుంటుంది. పూడిక తీయడానికి దిగినవాళ్ళు, వాళ్ళని కాపాడబోయి దిగినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పోయిన వార్తలు ఎన్నో చదివాం. బావిలో ఎవరైనా పడిపోతే వెనకే దిగకండి, 101కి ఫోన్ చెయ్యండి.