బ్రాడ్‌ఫర్డ్ పియర్: పైన సగం నరికిస్తే చెట్టు నిలుస్తుందా?

మార్చి వస్తే చాలు, కేరీ, మారిస్‌విల్ వైపు నుంచి మనవాళ్ళ ఫోన్లు మొదలవుతాయి. ఇంటి ముందు తెల్లగా విరగబూసిన బ్రాడ్‌ఫర్డ్ పియర్ చెట్టు (అందం కోసం పెంచే ఒక రకం పియర్) ఫొటో పంపి, "అన్నా, ఇది కొట్టేయకపోతే ఫైన్ వేస్తారట, నిజమేనా?" అని అడుగుతారు. నార్త్ కరోలినాలో చెట్ల పని చేస్తున్న నాకు ఏటా ఇవే ప్రశ్నలు. అందుకే అన్నీ ఒక్కచోట రాస్తున్నాను.

ఆ ఫైన్ సంగతి పుకారు. ఒహైయో 2023 జనవరి నుంచి, పెన్సిల్వేనియా, సౌత్ కరోలినా 2024 నుంచి ఈ చెట్టు అమ్మకాన్ని నిషేధించిన మాట నిజం. ఇప్పటికే మీ ముంగిట్లో ఉన్నదాన్ని తీసేయమని ఆ రాష్ట్రాలు కూడా చెప్పలేదు. వాట్సాప్‌లో ఎవరో తోసిన మెసేజ్ చూసి టెన్షన్ పడి, దొరికినవాడి చేత హడావిడిగా కొట్టించకండి.

అపోహ: "పైన సగం నరికిస్తే గాలికి పడదు."

మనవాళ్ళకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. ట్రక్కులో వచ్చి తలుపు తట్టేవాళ్ళు టాపింగ్, అంటే పైభాగం నరకడం, చేస్తామంటారు, కొట్టేయడం కంటే చవక అంటారు. చెట్టు మీద ప్రేమ ఉన్నవాళ్ళు వెంటనే ఒప్పుకుంటారు. వాళ్ళ తప్పేమీ లేదు, బతికించుకోవాలనే కదా.

కానీ బ్రాడ్‌ఫర్డ్ లోపం దాని ఎత్తులో లేదు, పంగలో ఉంది. మాను మీద దాదాపు ఒకే చోట నుంచి చాలా కొమ్మలు నిటారుగా లేస్తాయి. పంగ ఇరుకు కాబట్టి కొమ్మలు లావెక్కే కొద్దీ మధ్యలో బెరడు ఇరుక్కుపోతుంది, చెక్కతో చెక్క కలవదు. రెండు అరచేతులు ఆనించినట్టు ఉంటుందే తప్ప, వేళ్ళు పెనవేసినట్టు ఉండదు. పదిహేను, ఇరవై ఏళ్ళు వచ్చేసరికి వేసవి గాలివానకో, చలికాలం కొమ్మలకు పట్టే ఐసు బరువుకో నిలువునా చీలుతుంది.

పైన నరికితే ఆ పంగ ఏమీ మారదు. పైగా నరికిన ప్రతిచోటా గుత్తులు గుత్తులుగా కొత్త కొమ్మలు వస్తాయి. అవి పైపైన అతుక్కుని ఉంటాయి, వేగంగా పెరిగి కొన్నేళ్ళలో చెట్టును మళ్ళీ పాత ఎత్తుకే తెస్తాయి. ఈలోగా పెద్ద గాయాల్లోంచి కుళ్ళు లోపలికి దిగుతుంది. అంటే డబ్బిచ్చి చెట్టును ఇంకా బలహీనం చేయించుకున్నట్టే.

ఏపెక్స్‌లో ఒక ఇంట్లో ఇదే జరిగింది. టాపింగ్ చేయించిన చెట్టు గాలివానకు చీలి సగం డ్రైవ్‌వే మీద, కారు మీద పడింది. చీలిన ముఖం చూస్తే, పైనుంచి జానెడు మేర చెక్క ఉండాల్సిన చోట నల్లటి ఎండు బెరడు, అందులో చీమల బారు. అడుగున మాత్రమే తెల్లటి పీచు లేచి ఉంది. ఖమ్మం దగ్గర మామిడి తోట పెంచిన పెద్దాయన, కొడుకు దగ్గరికి వచ్చి ఉన్నారు. ఆ బెరడు గోటితో గీకి, "ఇది అసలు అతుక్కోనే లేదు బాబూ" అన్నారు. కోడలు పాపం, "ఆకులన్నీ పచ్చగానే ఉన్నాయి కదండీ, జబ్బేమీ లేదనుకున్నాం" అని బాధపడింది. నిజమే, జబ్బు లేదు. ఫైర్ బ్లైట్ తెగులును తట్టుకుంటుందనే ఈ జాతి విత్తనాన్ని 1910ల్లో చైనా నుంచి అమెరికాకు తెచ్చారు. చెట్టు ఆరోగ్యం వేరు, దాని కొమ్మల కట్టు బలం వేరు.

కాబట్టి పెద్ద చెట్టయితే సర్టిఫైడ్ ఆర్బరిస్ట్‌కు (అర్హత పొందిన చెట్ల నిపుణుడికి) పంగలు చూపించండి. పనివాళ్ళ ఇన్సూరెన్స్ కాగితం అడిగి తీసుకోండి. టాపింగ్ చేస్తానన్నవాణ్ణి గుమ్మంలోంచే పంపేయండి.

అపోహ: "మా చెట్టుకు కాయలు రావు, ఎవరికీ ఇబ్బంది లేదు."

బ్రాడ్‌ఫర్డ్ చెట్లన్నీ అంటు మొక్కలే, ఒకే చెట్టు నుంచి వచ్చినవి. తమలో తాము కాయలు కాయలేవు. అయితే చీలకుండా ఉండాలని తర్వాత తెచ్చిన, ఇదే జాతికి చెందిన క్లీవ్‌లాండ్ సెలెక్ట్, అరిస్టోక్రాట్ రకాలు పక్క వీధిలో ఉంటే చాలు, తేనెటీగలు పుప్పొడి మార్చి కాయలు కాయిస్తాయి. ఆ చిన్న కాయల్ని పిట్టలు తిని గింజల్ని హైవే పక్కన, బీడు భూముల్లో వేస్తాయి. అలా మొలిచిన చెట్లకు ట్రాక్టర్ టైర్లను పంక్చర్ చేసే ముళ్ళుంటాయి. క్లీవ్‌లాండ్ సెలెక్ట్ కాస్త మెరుగ్గా నిలబడుతుంది, కానీ ఈ వ్యాప్తికి అదీ కారణమే. కొత్తగా నాటొద్దు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పూలకు కుళ్ళిన చేపల వాసన రావడం జబ్బు కాదు, వాటి గుణమే. పూలు రాలితే పోతుంది. మీ తుమ్ములకు చాలావరకు ఈ పూలు కారణం కాదు, వీటి పుప్పొడిని పురుగులు మోస్తాయి. గాలిలో తేలే ఓక్ లాంటి చెట్ల పుప్పొడిని అనుమానించండి. కార్ల మీద పసుపు పొడి పైన్ చెట్లది.

కొట్టించాలని నిర్ణయించుకుంటే మొద్దును అలాగే వదలకండి, చుట్టూ పిలకలు లేస్తాయి. కోసిన కొద్ది నిమిషాల్లోనే బెరడు లోపలి అంచు చుట్టూ మొద్దులకు వాడే కలుపు మందు, డబ్బా మీద చెప్పిన మోతాదులో పూయాలి. లేదా మొద్దును గ్రైండ్ చేయించండి. దానికి మూడు పనిదినాల ముందే 811కు ఫోన్ చేస్తే భూమిలో గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్తారు. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) అనుమతి కూడా ముందే తీసుకోండి. మన రాష్ట్రంలో బ్రాడ్‌ఫర్డ్ పియర్ బౌంటీ అనే కార్యక్రమం ఉంది: ముందుగా పేరు నమోదు చేసుకుని, కొట్టేసిన చెట్టు ఫొటో చూపిస్తే ఇక్కడి జాతి మొక్కలు ఉచితంగా ఇస్తారు. వసంతంలో పూలే కావాలంటే రెడ్‌బడ్, డాగ్‌వుడ్, ఫ్రింజ్ ట్రీ అడగండి. ఇంట్లో పిల్లలుంటే సర్వీస్‌బెర్రీ మంచిది, దాని పండ్లు కోసుకుని తినొచ్చు. అక్టోబర్, నవంబర్ నెలల్లో నాటితే ఎండలు ముదిరేలోపు వేళ్ళు పట్టుకుంటాయి.