ప్లాస్టిక్ కయాక్‌కి చిల్లు పడితే: అపోహలు – వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో నాది ప్లాస్టిక్ వెల్డింగ్ పని. మొదట్నుంచీ కారు బంపర్లు, డాబాల మీది నీళ్ల ట్యాంకులే నా బతుకుతెరువు. కృష్ణలో కయాక్‌లు, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవలు, తిరగడం మొదలయ్యాక అవీ వస్తున్నాయి. ఒక్కటి కూడా వట్టి చిల్లుతో రాదు. చిల్లు మీద గమ్ము, గమ్ము మీద సీలు ముద్ద, దాని మీద టేపు. ఆ తాపడాలన్నీ గీకి పారేస్తే గానీ అసలు చిల్లు ఎంతుందో తెలీదు. గీకినందుకు కూడా కూలి వేస్తానంటే ముఖం చిట్లిస్తారు.

అపోహ: మంచి గమ్ము పెడితే చాలు. లేదంటే ఫైబర్ గుడ్డ వేసి రెజిన్ (ఆరితే గట్టిపడే జిగురు) పూసేయొచ్చు.

బందరు వైపు ఫైబర్ పడవల్ని అలాగే బాగుచేస్తారు కదా అంటారు. నిజమే, ఆ పడవ ఒళ్లే రెజిన్. మన ప్లాస్టిక్ కయాక్ ఎక్కువగా పాలిథీన్‌తో పోసింది. దాని ఒంటికి మైనపు గుణం. ఫైబర్ పనివాళ్లు రెజిన్ కలిపే ప్లాస్టిక్ మగ్గు ఎప్పుడైనా గమనించండి. అడుగున గట్టిపడిన రెజిన్, మగ్గుని రెండువైపులా నొక్కితే చిప్పలా ఊడొస్తుంది. కయాక్ మీద జరిగేదీ అంతే. ఒడ్డున ఉన్నంతసేపూ రాయిలా కనిపిస్తుంది. మనిషి ఎక్కి కూర్చుని అడుగు కాస్త వంగగానే అంచు లేస్తుంది.

ఒక్క మినహాయింపు ఉంది. నీలం మంటని పైపైన, చకచకా తిప్పితే పాలిథీన్ కాసేపు పట్టు ఇస్తుంది. నీళ్లు చల్లినప్పుడు బొట్లు కట్టకుండా పొరలా పరుచుకుంటే మంట సరిగ్గా తగిలినట్టు. ఆ తర్వాత దానికి తగిన ఎపాక్సీ, అంటే రెండు పాళ్లు కలిపి పెట్టే గమ్ము, పెడితే నిలుస్తుంది. లోతు గీతకి ఆ పద్ధతి ఒప్పుకుంటాను, ఇటునుంచి అటు పడిన చిల్లుకి ఒప్పుకోను.

అపోహ: ప్లాస్టిక్ అంటే ప్లాస్టిక్కే, ఏది కరిగించి పోసినా అతుక్కుంటుంది.

ఈ తప్పు నేనే చేశాను. మొదటి కయాక్ వచ్చినరోజు బంపర్లకి వాడే పాలీప్రొపిలీన్ రాడ్డు (కరిగించి అతికే ప్లాస్టిక్ పుల్ల) చేతికందింది. దాంతోనే వేసేశా. అతుకు చూడముచ్చటగా కుదిరింది, ఫోటో కూడా తీసుకున్నా. మూడోరోజు ఆ కుర్రాడు తిరిగొచ్చి "అన్నా, నీ అతుకు" అంటూ దాన్ని జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. పాలీప్రొపిలీన్, పాలిథీన్ చూపుకి అన్నదమ్ములే, కరిగించినా కలవవు.

కయాక్ మీద త్రికోణం గుర్తు ఉంటే అందులో అంకె చూడండి. 2 గానీ 4 గానీ ఉంటే పాలిథీన్. 5 అంటే పాలీప్రొపిలీన్. గుర్తు లేకపోతే అంచున చిన్న పెచ్చు చెక్కి నీళ్లలో వేయండి. మునిగితే అది ఏబీఎస్ లాంటి వేరే ప్లాస్టిక్, దాని వైద్యం వేరు. తేలినంత మాత్రాన పాలిథీనే అని కాదు, పాలీప్రొపిలీన్ కూడా తేలుతుంది. కాల్చి వాసన చూసినా రెండూ కొవ్వొత్తి వాసనే. కాబట్టి ఖాయంగా తేల్చేది రాడ్డే. కనపడని చోట అంగుళం మేర వెల్డ్ చేసి, చల్లారాక కటింగ్ ప్లేయరుతో లాగండి. తొక్కలా శుభ్రంగా ఊడిందా, ఆ రాడ్డు పనికిరాదు. సాగి, పీచులా తెగిందా, మీ పంట పండింది. రాడ్డు దొరకనప్పుడు పాత నీళ్ల ట్యాంకు ముక్క కోసి సన్నని పట్టీలు చేస్తాను. చాలా ట్యాంకులు, కయాక్‌లు ఒకే తీరున, పాలిథీన్ పొడిని అచ్చులో వేసి తిప్పుతూ కరిగించి చేసినవే. పసుపు కయాక్ మీద నల్ల అతుకు దిష్టిచుక్కలా ఉంటుంది, ఉండనివ్వండి.

క్రాస్‌లింక్ పాలిథీన్ అని ఇంకో రకముంది. వేడికి మెత్తబడుతుందే తప్ప కరిగి కలవదు. అది వస్తే డబ్బు తీసుకోకుండా తిప్పి పంపిస్తాను.

అపోహ: సోల్డరింగ్ ఐరన్‌తో పైన రుద్దితే పూడిపోతుంది.

పైన పూడుతుంది, కింద పగులు పాకుతూనే ఉంటుంది. ముందు పగులు రెండు కొసల్లోనూ మూడు నాలుగు మిల్లీమీటర్ల డ్రిల్లు బొక్క వేయాలి. పగులు అక్కడ ఆగుతుంది. కొస కంటికి కనపడేదానికన్నా ముందుకు పోయి ఉంటుందని గుర్తుంచుకోండి, బొక్క కాస్త అవతలే వేయండి. తర్వాత పగులు పొడవునా వి ఆకారంలో గాడి తీసి, చుట్టూ ఎండకి సున్నంలా తెల్లబారిన పొరని బ్లేడుతో గీకాలి. కొత్త రంగు తేలేదాకా గీకాలి. చాలా అతుకులు చెడేది ఇక్కడే, ఎండకి చచ్చిన పొర మీద ఏదీ పట్టదు.

పాలిథీన్ 120–130 డిగ్రీల దగ్గర కరుగుతుంది. హీట్ గన్ గాలి మాత్రం 250–300 డిగ్రీల మధ్య పెట్టుకుంటాను. రాడ్డు, గాడి రెండూ ఒకేసారి తళతళలాడాలి. రాడ్డు మాత్రమే కరిగితే అది గోడ మీద మైనం కార్చినట్టే. పొగ వచ్చి గోధుమరంగు తిరిగితే మాడింది, ఆ ముక్క చెక్కేసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. పెద్ద చిల్లయితే స్టీలు జల్లెడ వల లోపల పరిచి, దాని మీద రాడ్డు పోస్తాను. ఆఖర్న తడిగుడ్డ వేసి చల్లార్చకండి. గబుక్కున చల్లారితే అతుకు బిగుసుకుని పక్కన కొత్త నెర్రె ఇస్తుంది.

అపోహ: లోపల నీళ్లు చేరాయంటే అడుగున చిల్లే.

ముందు లోపలి నీళ్లు వదిలే కన్నానికి బిరడా బిగించారో లేదో చూడండి. నవ్వకండి, జరుగుతుంటుంది. తర్వాత మూత రబ్బరు, సీటు స్క్రూలు, పైనుంచి కిందికి నీళ్లు పోయే గొట్టాల అంచులు. అనుమానమున్న చోట సబ్బు నీళ్లు పూసి, బిరడా కన్నంలోంచి నోటితో ఊదితే బుడగే చూపిస్తుంది. పంక్చర్ షాపు కంప్రెషర్ మాత్రం పెట్టొద్దు, అతుకుల దగ్గర చీలుతుంది.

అపోహ: సొట్ట పడితే ఇక పాడైనట్టే.

రోహిణి కార్తె ఎండలో బోర్లించి వదిలేయండి, చాలాసార్లు దానంతటదే పైకి లేస్తుంది. బిరడా తీసి ఉంచండి, లేకపోతే లోపలి గాలి వేడెక్కి ఉబ్బుతుంది. కారు మీద కట్టినప్పుడు తాడు మరీ బిగిస్తే సొట్ట పడేదీ ఆ ఎండలోనే.

అపోహ: రాయి తగిలి చిల్లు పడింది.

ప్రతివాళ్లూ చెప్పేది ఇదే. తిప్పి చూస్తే చిల్లు తోక దగ్గర ఉంటుంది, చుట్టూ ప్లాస్టిక్ కాగితంలా అరిగిపోయి. నదిలో రాయి అరగదీసి అరగదీసి చిల్లు పెట్టదు కదండీ. ముక్కు పట్టుకుని ఘాట్ సిమెంటు మెట్ల మీద ఈడ్చుకెళ్తే తోకే అరుగుతుంది. ఆ పలచబడ్డ చోట వేడి పెడితే ఇంకా కారిపోతుంది కాబట్టి, బాగున్న చోటిదాకా కోసేసి ట్యాంకు ముక్క వేయాల్సొస్తుంది. ఖర్చు రెట్టింపు.

మొన్నొకాయన రాయే అని గట్టిగా వాదించాడు. "సరే బాబాయ్, బండి దగ్గర్నుంచి నీళ్ల దాకా దీన్ని ఎవరు మోస్తారు?" అన్నాను. పక్కనే నిలబడ్డ బామ్మర్ది ఫోన్ తీసి చెవిన పెట్టుకుని బయటికి నడిచాడు.