మైదానం బయట కుర్రాళ్ల నడవడి: అపోహలు - వాస్తవాలు

ఒక యువ ఆటగాడి వీడియో బయటికొస్తే సాయంత్రానికల్లా జనం రెండు గుంపులవుతారు. "వాడి ఆట చూడండి, మిగతాది మీకెందుకు" అనేవాళ్లు ఒకవైపు, "జీవితకాలం నిషేధించాలి" అనేవాళ్లు ఇంకోవైపు. క్రమశిక్షణ ఫైళ్లు, ఆటగాళ్ల ఒప్పందాలు చూసేవాళ్లకు ఈ రెండు మాటలూ అక్కరకు రావు. ఏం చేశాడు, ఏ నియమం కిందికి వస్తుంది, విచారించే హక్కు ఎవరికుంది, శిక్ష ఎంత అన్న నాలుగు ప్రశ్నలతోనే పని నడుస్తుంది. ఎక్కువగా క్రికెట్ ఉదాహరణలే తీసుకుంటున్నాం. మన దగ్గర ఇలాంటి కేసుల్లో కాగితాలు బయటికొచ్చేది ఆ ఆటలోనే.

అపోహ: బౌండరీ దాటాక జరిగేదంతా సొంత విషయం.

ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజే ఈ మాట చెల్లకుండా పోయింది. క్రికెట్ బోర్డు ఒప్పందంలోనూ ఐపీఎల్ జట్టు యజమాని (ఫ్రాంచైజీ) ఒప్పందంలోనూ "ఆటకు అప్రతిష్ఠ తెచ్చే ప్రవర్తన" అనే అంశం ఉంటుంది. అది జరిగింది మైదానంలోనా, టీవీ స్టూడియోలోనా అని చూడదు.

హార్దిక్ పాండ్య, కె.ఎల్. రాహుల్ సంగతే చూడండి. 2019 జనవరి 6న ఒక టీవీ కార్యక్రమం ప్రసారమైంది. అప్పటికి పాండ్యకు 25 ఏళ్లు, రాహుల్‌కు 26. ఆడవాళ్ల గురించి అందులో మాట్లాడిన తీరు మీద దుమారం రేగింది. 9న బోర్డు షోకాజ్ నోటీసు ఇచ్చి 24 గంటల్లో జవాబు చెప్పమంది. 11న ఇద్దరినీ సస్పెండ్ చేసి ఆస్ట్రేలియా నుంచి వెనక్కి రప్పించారు. చిక్కంతా ఆ తర్వాతే. విచారించాల్సిన అంబుడ్స్‌మన్ (బోర్డులో ఫిర్యాదుల మీద తీర్పు చెప్పే స్వతంత్ర అధికారి) పదవి ఖాళీ. ఆ నియామకం సుప్రీంకోర్టు చేతిలో ఉంది. అంటే ఎప్పుడు ముగుస్తుందో ఎవరూ చెప్పలేని సస్పెన్షన్. చివరికి జనవరి 24న, అమికస్ క్యూరీగా (కోర్టుకు సాయపడే న్యాయవాదిగా) ఉన్న మన తెలుగువాడు పి.ఎస్. నరసింహ సమ్మతితో దాన్ని ఎత్తేశారు. ఆయనే తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు.

ఏప్రిల్‌లో అంబుడ్స్‌మన్ జస్టిస్ డి.కె. జైన్ ఇద్దరికీ చెరో 20 లక్షల రూపాయల జరిమానా వేశారు. అందులో 10 లక్షలు విధి నిర్వహణలో ప్రాణాలు కోల్పోయిన పారామిలిటరీ కానిస్టేబుళ్ల కుటుంబాలు పదింటికి, ఒక్కోదానికి లక్ష చొప్పున వెళ్లాలి. మిగతా 10 లక్షలు అంధుల క్రికెట్ నిధికి. నాలుగు వారాల్లో కట్టకపోతే మ్యాచ్ ఫీజుల్లోంచి కోసుకుంటారు. అప్పటికే ఇద్దరూ ఐదు వన్డేలకు దూరమై సుమారు 30 లక్షల రాబడి పోగొట్టుకున్నారన్న సంగతినీ ఆయన లెక్కలోకి తీసుకున్నారు. మా దృష్టిలో అసలు శిక్ష ఆ ఐదు వన్డేలే. కోట్లు గడించేవాడికి 20 లక్షలు తగిలీ తగలనట్టే ఉంటుంది. ప్రపంచకప్ ఏడాదిలో జట్టు ఆడుతుంటే ఇంట్లో కూర్చోవడం అలా ఉండదు.

తప్పు చేసినవాళ్లకు శిక్ష పడింది, సరే. పద్ధతిలో మాత్రం లోపముంది. విచారణకు ముందే ఆటగాణ్ణి ఆపాల్సి వస్తే ఆ ఉత్తర్వులో మూడు విషయాలు రాసి ఉండాలి: ఎన్ని రోజులు, మళ్లీ సమీక్ష ఏ తేదీన, ఆపిన రోజులు తుది శిక్షలో కలుస్తాయా లేదా. ఇవి లేకపోతే తీర్పుకు ముందే శిక్ష మొదలైనట్టు.

అపోహ: కోర్టు వదిలేస్తే బోర్డు కూడా వదిలేయాలి.

క్రిమినల్ కోర్టులో నేరం సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి. క్రమశిక్షణ విచారణలో అంత అక్కర్లేదు, ఏ కథనం ఎక్కువ నమ్మేలా ఉందో తేలితే చాలు. పైగా రెండు చోట్లా ప్రశ్న కూడా ఒకటి కాదు. ఒకరు అడిగేది "నేరం జరిగిందా" అని, ఇంకొకరు అడిగేది "ఒప్పందం తప్పాడా" అని.

ఇంగ్లండ్ ఆటగాడు బెన్ స్టోక్స్‌కు 26 ఏళ్లప్పుడు, 2017 సెప్టెంబరులో, బ్రిస్టల్‌లో ఒక నైట్‌క్లబ్ బయట కొట్లాట జరిగింది. ఆ శీతాకాలం ఆస్ట్రేలియాతో జరిగే యాషెస్ టెస్టు సిరీస్ అతనికి పోయింది. 2018 ఆగస్టులో జ్యూరీ అతణ్ణి నిర్దోషి అంది. అయినా డిసెంబరులో ఇంగ్లండ్ క్రమశిక్షణ కమిషన్ ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం, 30,000 పౌండ్ల జరిమానా వేసింది. అప్పటికే ఆడలేకపోయిన మ్యాచ్‌లను అందులో కలిపేశారు కాబట్టి కొత్తగా ఒక్క మ్యాచ్ కూడా పోలేదు. వెంట ఉన్న అలెక్స్ హేల్స్ మీద పోలీసు కేసే లేదు, అతనికీ ఆరు మ్యాచ్‌ల నిషేధం పడింది.

మన దగ్గర బౌలర్ శ్రీశాంత్ వ్యవహారం ఇదే సంగతిని రెండో వైపు నుంచి చూపిస్తుంది. 2015లో ఢిల్లీ కోర్టు స్పాట్ ఫిక్సింగ్ (డబ్బుకు ఆటలో ఒక భాగాన్ని ముందే కుదుర్చుకోవడం) కేసు నుంచి అతణ్ణి విముక్తుణ్ణి చేసినా బోర్డు జీవితకాల నిషేధం అలాగే ఉంది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు అతని తప్పును కొట్టేయలేదు, శిక్ష పరిమాణాన్ని మాత్రం మళ్లీ తేల్చమంది. అది ఏడేళ్లకు తగ్గి 2020 సెప్టెంబరులో ముగిసింది. ఆటగాళ్ల తరఫున వాదించేవాళ్లు చాలామంది "అసలు చేయలేదు" అన్న వాదన మీదే కాలమంతా గడిపేసి, శిక్ష పరిమాణం గురించి రెండు పేరాలతో సరిపెడతారు. తగ్గింపు దొరికేది ఎక్కువగా ఆ రెండు పేరాల దగ్గరే.

అపోహ: చిన్నవాడు, తెలియక చేశాడు.

18 ఏళ్లు నిండితే వయసు శిక్షను తగ్గిస్తుంది, తప్పును మాఫీ చేయదు. ఇంగ్లండ్ బౌలర్ ఓలీ రాబిన్సన్ 2021 జూన్‌లో లార్డ్స్‌లో తొలి టెస్టు ఆడుతున్న రోజే, టీనేజీ చివర్లో అతను పెట్టిన జాత్యహంకార, మహిళలను కించపరిచే ట్వీట్లు బయటపడ్డాయి. విచారణలో ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం పడింది. అందులో ఐదింటిని రెండేళ్లపాటు నిలిపి ఉంచారు (ఆ గడువులో మళ్లీ తప్పు చేస్తేనే అమలవుతాయి), మూడు అప్పటికే గడిచిపోయాయి. జరిమానా 3,200 పౌండ్లు. ఎప్పటి వయసు, ఎన్నేళ్ల క్రితం, మళ్లీ చేశాడా అన్నవి ఇలా లెక్కలోకి రావాలి. "కుర్రతనం" అని ఒక్క మాటతో ఫైలు మూసేయడం గానీ, పదేళ్ల నాటి పోస్టుకు ఇవాళ్టి మనిషిని ఆట నుంచి పూర్తిగా పంపేయడం గానీ కొలత ఎరిగిన పని కాదు.

18 లోపు వాళ్ల సంగతి వేరు. 2025 ఐపీఎల్‌లో వైభవ్ సూర్యవంశీ 14 ఏళ్లకే 35 బంతుల్లో సెంచరీ కొట్టాడు. ఆ వయసు పిల్లవాడు చేసుకున్న ఒప్పందం మన చట్టం ప్రకారం చెల్లదు, పెద్దవాళ్లే సంతకం పెట్టాలి. అలాంటివాళ్లు ఎవరైనా ఏదైనా కేసులో చిక్కుకుంటే పేరు, ఫొటో, స్కూలు బయటపెట్టడం బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. దానికి ఆరు నెలల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. యూట్యూబ్ ఛానెళ్లు నడిపేవాళ్లు ఇది గోడకు అంటించుకుంటే మంచిది.

అపోహ: తప్పుడు పని చేయకపోతే చాలు, భయపడక్కర్లేదు.

ఫిక్సింగ్ నియమాల్లో "నాకు ఎవరో ఫోన్ చేశారు, నేను పట్టించుకోలేదు" అన్నది కూడా నేరమే. బంగ్లాదేశ్ ఆటగాడు షకీబ్ అల్ హసన్ ఏ మ్యాచ్‌నూ ఫిక్స్ చేయలేదు. తనను సంప్రదించిన సంగతి చెప్పకపోయినందుకే 2019 అక్టోబరులో రెండేళ్ల నిషేధం పడింది, అందులో ఒక ఏడాదిని నిలిపి ఉంచారు. మన హైదరాబాదీ మహ్మద్ సిరాజ్ దీనికి ఎదురు ఉదాహరణ. 2023లో బెట్టింగ్‌లో డబ్బు పోగొట్టుకున్న ఒక డ్రైవర్ జట్టు లోపలి సమాచారం కోసం మెసేజ్ పెడితే, సిరాజ్ దాన్ని నేరుగా బోర్డు అవినీతి నిరోధక విభాగానికి అప్పగించాడు. ఆ మనిషి దొరికాడు, ఆటగాడి మీద మచ్చ పడలేదు.

జూనియర్లకు నేర్పాల్సింది ఇంతే: మెసేజ్‌కు జవాబివ్వకు, డిలీట్ చేయకు, స్క్రీన్‌షాట్ తీసి అదే రోజు చెప్పు. మేనేజరుకు చెబితే అయిపోయిందనుకోకు, అవినీతి నిరోధక అధికారికి చేరాలి. చుట్టాలబ్బాయి "పిచ్ ఎలా ఉందిరా, రేపు నువ్వు ఆడుతున్నావా" అని అడిగినా లోపలి సమాచారం లోపలిదే. మన ఇళ్లలో ఎక్కువగా జారేది ఇక్కడే, మొహమాటం కొద్దీ.

మందుల సంగతీ అంతే. పృథ్వీ షా 19 ఏళ్లకు, 2019లో, దగ్గు మందులోని టెర్బుటలీన్ అనే నిషిద్ధ పదార్థం వల్ల ఎనిమిది నెలలు ఆటకు దూరమయ్యాడు. దగ్గొస్తే ఇంటి పక్క మెడికల్ షాపుకు వెళ్లకుండా టీమ్ డాక్టరుకు ఫోన్ చేయాలి. ఏం వాడినా సీసా ముందు వెనుక, బ్యాచ్ నంబరుతో సహా ఫొటో తీసి పెట్టుకోవాలి. విచారణలో "ఏదో సిరప్ తాగాను" అన్న మాటకు విలువుండదు.

అపోహ: డ్రగ్స్ పరీక్షలో దొరికితే కెరీర్ ముగిసినట్టే.

2021 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ డోపింగ్ నిరోధక నియమావళి కొకైన్, హెరాయిన్, ఎండీఎంఏ, గంజాయిలోని టీహెచ్‌సీలను విడిగా చూస్తుంది. పోటీ లేని సమయంలో వాడాడనీ, ఆట మెరుగుదలకు దానితో సంబంధం లేదనీ ఆటగాడు నిరూపించుకుంటే నిషేధం మూడు నెలలు. ఆమోదించిన చికిత్స పూర్తిచేస్తే ఒక నెల. దక్షిణాఫ్రికా బౌలర్ కగిసో రబాడ 2025లో ఐపీఎల్ మధ్యలో ఇంటికెళ్లి నెల తర్వాత తిరిగొచ్చింది ఇలాగే. వ్యసనాన్ని జబ్బుగా చూసిన నియమం ఇది, క్రీడారంగంలో ఇటీవల వచ్చిన మంచి మార్పుల్లో ఒకటి. అయితే మన దేశంలో మత్తుపదార్థాల చట్టం విడిగా ఉందని మరవకూడదు. నెల నిషేధంతో పోలీసు కేసు పోదు.

అపోహ: వెంటనే క్షమాపణ పోస్టు పెడితే సద్దుమణుగుతుంది.

చాలాసార్లు ఆ పోస్టే రెండో కేసు అవుతుంది. పాండ్య తొలి క్షమాపణలో కార్యక్రమం తీరుకు కొట్టుకుపోయానన్న అర్థం వచ్చింది. తప్పును షో మీదికి నెట్టాడని జనానికి అనిపించింది, సస్పెన్షన్ ఆగలేదు.

మొదటి 48 గంటల్లో చేయాల్సినవి వరుసగా చెప్తాం. ఫోన్లో ఏదీ చెరపకూడదు, సాక్ష్యం మాయం చేయడం విడి నేరం. సొంత లాయరును పెట్టుకోవాలి. ఫ్రాంచైజీ లాయరు ఎంత మర్యాదగా మాట్లాడినా ఆయన కాపాడేది ఫ్రాంచైజీని. ఏజెంటుకు కమీషన్ మీద కన్నుంటుంది, తొలి ప్రకటన ఆయన చేత రాయించకూడదు. జట్టు మేనేజరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ప్రకటన మూడు వాక్యాలు మించకూడదు: జరిగినదాంట్లో ఒప్పుకోగలిగింది, నష్టపోయినవాళ్లకు క్షమాపణ, విచారణకు సహకరిస్తానన్న మాట. "ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే" అనే వాక్యం ఉంటే కొట్టేయాలి. ఫిర్యాదు చేసిన మనిషికి నేరుగా ఫోన్ చేయడం, స్నేహితుల చేత చేయించడం అసలే పనికిరాదు, రాజీ కోసమన్నా సరే. బెదిరింపు కింద రాసుకోవడానికి అది చాలు.

అపోహ: ఆదర్శంగా ఉండాలి కాబట్టి ఏ విషయంలోనైనా అడిగే హక్కు జనానికుంది.

లేదు. 2005లో 18 ఏళ్ల సానియా మీర్జా టెన్నిస్ స్కర్టు మీద మతపెద్దలు అభ్యంతరాలు లేవనెత్తారు. ఆమె తప్పిన నియమం ఒక్కటీ లేదు, నష్టపోయిన మనిషి ఒక్కరూ లేరు. ఎవరితో తిరుగుతున్నారు, ఏం వేసుకున్నారు, ఏ గుడికి వెళ్లారు అన్నవన్నీ ఈ కోవలోవే. రియో ఒలింపిక్స్‌కు ముందు గోపీచంద్ మూడు నెలలు సింధు ఫోను తీసి పెట్టేశారంటే అది శిక్షణ క్రమశిక్షణ, గురుశిష్యులు ఒప్పుకుని పెట్టుకున్నది. దాన్ని చూపించి ప్రతి క్రీడాకారిణి ఫోను వాడకం మీదా వ్యాఖ్యానాలు చేయడం వేరే జబ్బు.

ఇంకో మనిషికి హాని జరిగిందా, రాసి ఉన్న నియమం తప్పాడా? రెండింటికీ కాదన్న జవాబొస్తే అది కాలక్షేపం కబురే. తాగి బండి నడపడం ఆ కబుర్లలోకి రాదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం దాటితే ఎవరికైనా కేసే. పైగా ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 21 నిండనివాడికి మద్యం అమ్మకూడదు, గెలుపు విందు ఏర్పాటు చేసే ఫ్రాంచైజీకి ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి.

అపోహ: బ్రాండ్లు వదిలేస్తే నేరం రుజువైనట్టే.

బ్రాండు చూసేది తన అమ్మకాలను. కుర్రాళ్లు సంతకం పెట్టే ఒప్పందాల్లో తరచూ "కంపెనీ అభిప్రాయంలో ప్రతిష్ఠకు భంగం" అని ఉంటుంది. అంటే ఒక పుకారు చాలు, రద్దు చేసుకోవచ్చు. సంతకానికి ముందే దీన్ని మార్పించాలి. రద్దుకు ఆధారం కనీసం చార్జిషీటో, క్రమశిక్షణ సంఘం నిర్ణయమో ఉండాలి, ఎఫ్ఐఆర్ కాదు. రద్దుకు ముందు జవాబు చెప్పుకోవడానికి 15 రోజులు అడగాలి. అప్పటికే చేసిన షూటింగుల డబ్బు వెనక్కి ఇవ్వక్కర్లేదని రాయించుకోవాలి.

శిక్ష పూర్తయ్యాక విచారణ ముగిసిందని బోర్డు నుంచి లేఖ తీసుకోవడం చాలామంది మరిచిపోతారు. తర్వాతి ఒప్పందంలో "మీ మీద పెండింగులో ఉన్న క్రమశిక్షణ చర్యలు" అన్న గడి వస్తుంది. జరిమానా కట్టిన రసీదు, ఆ లేఖ జతచేస్తే అక్కడ "లేవు" అని నిక్కచ్చిగా రాయొచ్చు.