నీరెండకు అందని ఎముకలు

వైజాగ్‌లో ఎండకేం కొదవ? అందుకే పసిపిల్లల ఐసీయూ గుమ్మం దగ్గర అమ్మమ్మలు అడిగే మాట ఒకటుంది: "సిస్టరమ్మా, మా గుంటడికి కాస్త నీరెండ తగలనీయకూడదా?"

ఆ గుంటడు 28 వారాలకే పుట్టాడు, కిలో తూగాడు. ఇంక్యుబేటర్ దాటి రాలేడు. కిటికీ అద్దంలోంచి వెలుతురు వస్తుంది గానీ, ఎముకలు గట్టిపడటానికి కావాల్సిన విటమిన్ డిని చర్మంలో తయారుచేసే కిరణాలు దాదాపు రావు. పచ్చకామెర్లకు పెట్టే నీలి లైటూ ఆ పని చెయ్యదు.

సరే, చుక్కల మందు వేస్తారు. కిలోన్నర లోపు పుట్టిన పిల్లలకు ఆరు నెలలొచ్చేవరకు రోజుకు 400 నుంచి 1000 యూనిట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో చెప్పిన మాట. అంతటితో తీరితే బాగుండును. విటమిన్ డి మన హార్బర్లో క్రేన్ లాంటిది. పేగులోని కాల్షియాన్ని రక్తంలోకి దించుతుంది. ఓడే రాకపోతే క్రేన్ ఏం దించుతుంది?

కాల్షియం మోసుకొచ్చే ఆ ఓడ వచ్చేది గర్భం ఆఖరి మూడు నెలల్లో. నెలలు నిండిన బిడ్డ ఒంట్లో సుమారు 30 గ్రాముల కాల్షియం ఉంటే, అందులో నూటికి 80 పాళ్లు అప్పుడే మాయ గుండా చేరుతుంది. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీగ్రాముల పైమాటే. తల్లిపాలు కిలోకు 150 మిల్లీలీటర్లు పట్టినా అందేది 45 మిల్లీగ్రాముల లోపే, అందులోనూ కొంత ఒంటబట్టదు. తల్లిపాలకు వంక పెట్టడం కాదిది. అవి నెలలు నిండిన బిడ్డ లెక్కకు సరిపోయేవి. అందుకే వీళ్లకు ఆ పాలలోనే కాల్షియం, ఫాస్ఫరస్ ఉన్న పొడి కలిపి పడతారు.

ఫాస్ఫరస్‌ను ఎవరూ పట్టించుకోరు గానీ, రక్తపరీక్షలో ముందు తగ్గేది తరచూ అదే. ఎముకల అవస్థను పట్టిచ్చే ఎంజైమ్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, పెరుగుతుంది. "కాల్షియం నార్మలే" అన్న రిపోర్టు చూసి మురిసిపోనక్కర్లేదు; ఎముకలోంచి తీసి రక్తానికి సర్దుతున్నా నార్మల్‌గానే కనిపిస్తుంది.

ఇంకోటి, కడుపులో బిడ్డ గోడను తన్నే ప్రతి తన్నూ ఎముకకు కసరత్తే. ఇంక్యుబేటర్లో తన్నడానికి గోడేది? ఊపిరితిత్తుల కోసం వాడాల్సివచ్చే స్టెరాయిడ్లు, నీరు తీసే మందులు ఎముకను మరింత పల్చన చేస్తాయి.

పైకేమీ తెలీదు. పుట్టిన ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య, ఛాతీ కోసం తీసిన ఎక్స్‌రేలో ఒక్కోసారి విరిగిన పక్కటెముక బయటపడుతుంది. అందుకే తెలిసిన నర్సు డయాపర్ మార్చేటప్పుడు రెండు చీలమండలూ పట్టి పైకెత్తదు. నడుం కింద చెయ్యిపెట్టి మెల్లగా పక్కకు తిప్పుతుంది.

ఇంటికి పంపే రోజున అమ్మమ్మకు చెప్పాల్సిందీ అదే. చుక్కలు మానొద్దు. నూనె రాయొచ్చో లేదో డాక్టర్నడగండి. కాళ్లూ చేతులూ సాగదీసే స్నానం మాత్రం ఇప్పుడే వద్దు.